పదమూడు ఆటల దూరం: 1951లో న్యూయార్క్ జెయింట్స్ డాడ్జర్స్‌ను ఎలా అందుకున్నారు

1951 ఆగస్టు 11 సాయంత్రానికి అమెరికా బేస్‌బాల్ నేషనల్ లీగ్ పట్టికలో పైన బ్రూక్లిన్ డాడ్జర్స్: 70 గెలుపులు, 36 ఓటములు. రెండో స్థానంలో న్యూయార్క్ జెయింట్స్: 59 గెలుపులు, 51 ఓటములు. మధ్య దూరం 13 ఆటలు. ఏడు వారాల తర్వాత రెండు జట్లూ 96–58 దగ్గర సరిసమానంగా నిలిచాయి. ఆ తర్వాత మూడు ఆటల పోటీ, అందులో చివరి ఇన్నింగ్స్‌లో బాబీ థామ్సన్ కొట్టిన హోమ్ రన్ (మన సిక్సర్‌లా బంతిని గోడ దాటించే దెబ్బ), దాంతో లీగ్ టైటిల్ జెయింట్స్‌కి. బేస్‌బాల్ చరిత్రలో ఇంతగా చెప్పుకున్న దెబ్బ ఇంకొకటి లేదు. అందువల్లే కావచ్చు, ఆ సీజన్ మొత్తాన్నీ ఆ ఒక్క దెబ్బలో కుదించేస్తారు. కొందరు దాన్ని అద్భుతం అంటారు, కొందరు మోసం అంటారు. లెక్క తీసి చూస్తే రెండు మాటలూ చాలవు.

మన పాఠకులకు ఒక చిన్న పరిచయం. ఈ రెండు జట్లూ అప్పుడు న్యూయార్క్ నగరానివే. 1958లో రెండూ కాలిఫోర్నియాకి తరలిపోయాయి. బే ఏరియాలో ఉంటున్న తెలుగువాళ్లు సముద్రం ఒడ్డున చూసే శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్ ఆ జట్టే. స్టేడియం చిరునామాలో కనిపించే విల్లీ మేస్ పేరు, ఈ కథలో ఇరవై ఏళ్ల కుర్రాడిగా వచ్చే మనిషిదే.

ముందు పట్టిక ఎలా చదవాలో చూద్దాం. అప్పట్లో నేషనల్ లీగ్‌లో 8 జట్లు. ఒక్కో జట్టు మిగతా ఏడింటితో 22 సార్లు చొప్పున తలపడుతుంది, 11 సొంత మైదానంలో, 11 బయట. మొత్తం 154 ఆటలు. సెమీఫైనల్ లేదు, ప్లేఆఫ్ లేదు. పట్టికలో మొదట నిలిచిన జట్టే లీగ్ విజేత. దాన్ని పెన్నెంట్ గెలవడం అంటారు. ఆ జట్టు నేరుగా అమెరికన్ లీగ్ విజేతతో ప్రపంచ సిరీస్ ఆడుతుంది. రెండో స్థానానికి విలువే లేదు. మన ఐపీఎల్‌లో నాలుగో స్థానంతో గట్టెక్కి కప్పు ఎత్తుకెళ్లే వీలు ఉంటుంది. అక్కడ అది లేదు.

దూరాన్ని ‘ఎన్ని ఆటలు వెనక’ అని కొలుస్తారు. గెలుపుల తేడా, ఓటముల తేడా కలిపి రెండుతో భాగించాలి. ఆగస్టు 11న గెలుపుల తేడా 11, ఓటముల తేడా 15. కలిపితే 26, సగం 13. దీని అర్థం ఏమిటంటే, పై జట్టు ఖాళీగా కూర్చున్న రోజు మీరు గెలిస్తే అర ఆట దూరం తగ్గుతుంది. మీరు గెలిచి వాళ్లు ఓడితే ఒక ఆట తగ్గుతుంది. ఇద్దరూ గెలిస్తే మీ గెలుపు వృథా. వెనకబడిన జట్టుకి అసలు బాధ అదే: సగం పని ఎదుటివాడి చేతిలో ఉంటుంది. ఒకరితో ఒకరు ఆడిన రోజు మాత్రం ఫలితం పూర్తిగా తమ చేతిలో ఉంటుంది. అందుకే ఆ 22 ఆటలు అంత ముఖ్యం.

ఇక ఏప్రిల్. ఆ సీజన్‌ని జెయింట్స్ ఘోరంగా మొదలుపెట్టారు. వరసగా 11 ఆటలు ఓడారు, మొదటి 14లో గెలిచినవి 2. అందరూ ఆగస్టు నుంచి లెక్క మొదలుపెడతారు గానీ, నా దృష్టిలో అసలు లెక్క ఇక్కడ మొదలవుతుంది. ఆ 2–12 పక్కన పెట్టండి. మిగిలిన 140 ఆటల్లో జెయింట్స్ 94 గెలిచి 46 ఓడారు. నూటికి 67. ఆ వేగంతో 154 ఆటలూ ఆడితే 103 గెలుపులు వస్తాయి. అంటే ఇది నాసిరకం జట్టు హఠాత్తుగా పైకి లేచిన కథ కాదు. ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు 11 వరకు కూడా వాళ్లు 57–39 ఆడారు, మంచి ఆటే. కానీ అదే కాలంలో డాడ్జర్స్ అంతకంటే మంచి ఆట ఆడుతున్నారు కాబట్టి, ఏప్రిల్ గుంత పూడకపోగా ఇంకా లోతయింది. పట్టిక చూసినవాళ్లకి గుంత కనబడింది, దాని వెనక ఉన్న బలం కనబడలేదు.

ఆ బలం ఎలా కుదిరింది? మేనేజర్ లియో డురోచర్ చేసిన పనిలో ఎక్కువ భాగం కొత్తవాళ్లను కొనడం కాదు, ఉన్నవాళ్ల చోట్లు మార్చడం. అంతకు ముందే, 1949 చివర్లో ఒక పెద్ద మార్పిడి జరిగింది. బలంగా కొట్టే ఆటగాళ్లను బోస్టన్ బ్రేవ్స్‌కి ఇచ్చి, షార్ట్‌స్టాప్ (సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) ఆల్విన్ డార్క్‌నీ సెకండ్ బేస్ కాపలాదారు ఎడీ స్టాంకీనీ తెచ్చుకున్నారు. (ఈ ఆటలో బ్యాటర్ ఫస్ట్, సెకండ్, థర్డ్ బేస్‌లు చుట్టి, బయల్దేరిన చోటు హోమ్‌కి తిరిగొస్తే ఒక పరుగు.) దాంతో మైదానం నడిబొడ్డు గట్టిపడింది. 1951 మేలో ఇంకో సర్దుబాటు: ఫస్ట్ బేస్ దగ్గర ఇబ్బంది పడుతున్న మాంటీ ఇర్విన్‌ని ఎడమ బౌండరీ వైపుకి పంపి, అక్కడున్న వైటీ లాక్‌మన్‌ని ఫస్ట్ బేస్‌కి తెచ్చారు. ఇర్విన్ అప్పటికే ముప్పై దాటినవాడు. నల్లజాతి ఆటగాళ్లకు పెద్ద లీగ్ తలుపులు మూసి ఉన్న రోజుల్లో అతని మేటి సంవత్సరాలు నీగ్రో లీగ్‌లో గడిచిపోయాయి. తనకు అలవాటైన చోటు దొరకగానే బ్యాట్ పలికింది: ఆ సీజన్‌లో 0.312 సగటు (వెయ్యి ప్రయత్నాలకి 312 హిట్లు, అంటే బంతిని కొట్టి బేస్ చేరడం), 24 హోమ్ రన్లు, జట్టుకి తెచ్చిపెట్టిన పరుగులు 121. ఆ చివరి అంకెలో లీగ్ మొత్తానికీ అతనే మొదటివాడు.

మే 25న విల్లీ మేస్ వచ్చాడు. దిగువ స్థాయి జట్టు మినియాపొలిస్‌లో 35 ఆటల్లో 0.477 సగటుతో కొడుతున్నాడు (0.300 దాటితేనే గొప్ప అనుకునే ఆట ఇది). పైకి రాగానే మొదటి 12 సార్లూ ఒక్క హిట్ లేదు. తర్వాత పిచ్చర్ (బంతి వేసేవాడు) వారెన్ స్పాన్ బంతిని హోమ్ రన్ కొట్టాడు, మళ్లీ మౌనం. మొదటి 26 సార్లకి ఒకే హిట్. డురోచర్ అతన్ని తీసేయలేదు. కారణం సూటిగా ఉంది: మేస్ బ్యాట్ పలకకపోయినా సెంటర్ ఫీల్డ్‌లో, అంటే బౌండరీ వైపు నడిమధ్య భాగంలో, అతను ఆపే పరుగులు లెక్కలోకి వస్తాయి. పోలో గ్రౌండ్స్‌లో ఆ చోటు ఎంత పెద్దదో తెలిస్తే ఈ మాట బోధపడుతుంది.

పోలో గ్రౌండ్స్ స్నానాల తొట్టి ఆకారంలో ఉండే మైదానం. హోమ్ నుంచి ఎడమ హద్దు గీత వెంట గోడ 279 అడుగులు, అంటే 85 మీటర్లు. కుడి గీత వెంట 258 అడుగులు, 79 మీటర్లు కూడా లేదు. నడిమధ్యన మాత్రం 480 అడుగులు దాటి వెళ్లేది, అంటే 146 మీటర్లకు పైమాట. మన క్రికెట్ బౌండరీకి దాదాపు రెట్టింపు దూరం. గీతల వెంట చిన్న దెబ్బకే హోమ్ రన్ వస్తుంది. మధ్యలో కొడితే బంతి ఎక్కడో పడి దొర్లుతూ ఉంటుంది, దాన్ని అందుకోగల కాళ్లు ఉండాలి. ఆగస్టు 15న డాడ్జర్స్ మీద, ఎనిమిదో ఇన్నింగ్స్ (మామూలు ఆటకి తొమ్మిది ఉంటాయి), 1–1. కార్ల్ ఫురిల్లో కుడి–మధ్య వైపు కొట్టిన బంతిని మేస్ పరుగు మీద అందుకుని, అదే ఊపులో ఒక చుట్టు తిరిగి విసిరాడు. థర్డ్ బేస్ నుంచి పరుగెత్తిన బిల్లీ కాక్స్ హోమ్ దగ్గర అవుట్. జెయింట్స్ 3–1తో గెలిచారు. ఆ విసురులో ఆగిన ఒక్క పరుగు విలువ సెప్టెంబర్ 30న తెలిసింది.

మేస్ రాకతో ఇంకో చిక్కు పుట్టింది. అంతవరకు సెంటర్ ఫీల్డ్‌లో ఆడుతున్న బాబీ థామ్సన్‌కి స్థిరమైన చోటు లేకుండా పోయింది. జూలైలో థర్డ్ బేస్ ఆటగాడు హ్యాంక్ థాంప్సన్ గాయపడ్డాడు (థామ్సన్, థాంప్సన్ వేరు వేరు మనుషులు, పేర్లు చూసి తికమక పడకండి). జూలై 20 ప్రాంతంలో డురోచర్ థామ్సన్‌ని థర్డ్ బేస్‌లో నిలబెట్టాడు. అక్కడి నుంచి సీజన్ చివరి దాకా అతని సగటు 0.350 దాటింది. మొత్తం మీద 32 హోమ్ రన్లు, జట్టుకి తెచ్చిపెట్టిన పరుగులు 101.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంకోటి కూడా మొదలైంది.

బేస్‌బాల్‌లో బ్యాటర్ వెనక కూర్చునే క్యాచర్ తొడల మధ్య వేళ్లు చూపించి పిచ్చర్‌కి ఏ బంతి వేయాలో చెబుతాడు. ఒక వేలు అంటే నేరుగా వచ్చే ఫాస్ట్‌బాల్, రెండు వేళ్లు అంటే వంపు తిరిగేది. బ్యాటర్‌కి నిర్ణయించుకోడానికి అర సెకను కూడా ఉండదు కాబట్టి, ఏది వస్తుందో ముందే తెలిస్తే పెద్ద సాయం. సెకండ్ బేస్ మీద నిలబడ్డ ఆటగాడు తన కళ్లతో ఆ వేళ్లు చూసి బ్యాటర్‌కి సైగ చేయడం పాత అలవాటే. దాన్ని ఎవరూ తప్పు పట్టరు, అలాంటప్పుడు క్యాచర్ సైగల వరస మార్చేస్తాడు. జెయింట్స్ చేసింది వేరు. పోలో గ్రౌండ్స్‌లో ఆటగాళ్ల గదులు సెంటర్ ఫీల్డ్ చివర ఉండేవి, క్యాచర్‌కి సరిగ్గా ఎదురుగా. అక్కడి కిటికీలో టెలిస్కోప్ పెట్టారు. దాని వెనక కూర్చున్నది ఎక్కువగా కోచ్ హర్మన్ ఫ్రాంక్స్. పూర్వం క్యాచర్‌గా ఆడినవాడు కాబట్టి వేళ్లు చదవడం తెలుసు. అక్కడి నుంచి బుల్‌పెన్‌కి, అంటే బదులు పిచ్చర్లు కూర్చునే చోటికి, కరెంటు తీగ లాగి బజర్ బిగించారు. ఒక మోత ఫాస్ట్‌బాల్, రెండు మోతలు వంపు బంతి. బుల్‌పెన్‌లో ఉండే సాల్ ఇవార్స్ కదలకుండా ఉంటే ఒక అర్థం, చేతిలో బంతి ఎగరేస్తే ఇంకో అర్థం. బ్యాటర్ పిచ్చర్ భుజం మీదుగా ఆ వైపు ఒక్క చూపు వేస్తే చాలు. 2001లో వాల్ స్ట్రీట్ జర్నల్ పత్రికలో ఈ వివరాలన్నీ ఆ జట్టువాళ్ల నోటితోనే బయటికొచ్చాయి. యంత్రాలతో సైగలు దొంగిలించడాన్ని నేషనల్ లీగ్ నిషేధించింది 1961లో. కాబట్టి 1951లో దానిమీద రాతలో నియమం లేదు. అయినా వాళ్లు ఏళ్ల తరబడి దాచిపెట్టారంటే అది సరైన పని కాదని వాళ్లకి తెలుసన్న మాట. నేనూ దాన్ని సమర్థించను.

అయితే అది గెలిపించిందా అన్నది వేరే ప్రశ్న, దానికి జవాబు అంత తేలిక కాదు. మొదటి చిక్కు: టెలిస్కోప్, థామ్సన్ చోటు మార్పు దాదాపు ఒకే సమయంలో వచ్చాయి. అతని బ్యాటింగ్ పెరిగింది దేనివల్లో విడదీయలేం. రెండోది: టెలిస్కోప్ ఉన్నది సొంత మైదానంలోనే. అది పెట్టాక సొంతగడ్డ మీద జట్టు బ్యాటింగ్ సగటు పెరగలేదు, కొంచెం తగ్గింది. బయట మైదానాల్లో పెరిగింది. దాన్నిబట్టి సాయమే లేదని కొందరు వాదిస్తారు. నేను అంత దూరం వెళ్లను. సీజన్ అంతా కలిపిన సగటులో, అవసరమైన రోజున ఒక్కసారి దొరికిన సాయం కనబడదు. ఒక్క ఆట తేడా వచ్చినా ఫలితం మారిపోయే సీజన్ ఇది. మూడోది: అందరూ ఆ సైగ తీసుకోలేదు. ముందే తెలిసిందనుకుని వంపు బంతి కోసం కాచుకుంటే, తప్పు సైగ వచ్చి తలవైపు ఫాస్ట్‌బాల్ దూసుకొస్తే ప్రాణం మీదికొస్తుంది. తనకది వద్దని ఇర్విన్ అనేవాడు.

నిలకడగా కనిపించే కారణం పిచ్చింగ్. సాల్ మాగ్లీ 23 గెలుపులు, 6 ఓటములు. లారీ జాన్సెన్ 23–11. జిమ్ హెర్న్ 17–9. ముగ్గురివే 63 గెలుపులు. మాగ్లీని ‘మంగలి’ అనేవారు. బ్యాటర్ గడ్డాన్ని గీసుకుపోయేలా లోపలికి ఒకటి వేసి, వెనక్కి తగ్గినవాడికి బయటి అంచున వంపు బంతి వేసేవాడు. టెలిస్కోప్ పిచ్చర్‌కి ఏ సాయమూ చేయదు.

ఆగస్టు 12 నుంచి 27 వరకు జెయింట్స్ వరసగా 16 ఆటలు గెలిచారు. అందులో 13 సొంత మైదానంలో. మధ్యలో డాడ్జర్స్‌తో మూడింటికి మూడూ. ఆ పదహారు రోజుల్లో డాడ్జర్స్ కుప్పకూలలేదు, గెలిచినన్ని ఓడారంతే. అయినా దూరం 13 నుంచి 5కి వచ్చేసింది. సెప్టెంబర్ 1, 2 తేదీల్లో మళ్లీ డాడ్జర్స్‌ని 8–1, 11–2తో ఓడించారు. డాన్ మ్యూలర్ రెండు రోజుల్లో 5 హోమ్ రన్లు కొట్టాడు. మొత్తం చివరి 44 ఆటల్లో జెయింట్స్ 37–7. డాడ్జర్స్ చివరి 48 ఆటల్లో 26–22. డాడ్జర్స్ చేజార్చుకున్నారనే మాట చాలామంది అంటారు. సగం కంటే ఎక్కువ గెలిచిన జట్టుని అలా అనడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. ఆ 48లో ఇంకొక్కటి, 27–21 అయి ఉంటే చాలు, పెన్నెంట్ వాళ్లదే.

ఆటల పట్టిక కూడా వాళ్లకి ఎదురు తిరిగింది. సెప్టెంబర్ 24 నాటికి దూరం రెండున్నర ఆటలు. చివరి ఆరు రోజుల్లో జెయింట్స్‌కి ఉన్నవి 4 ఆటలే, మధ్యలో రెండు రోజుల విశ్రాంతి. డాడ్జర్స్‌కి 7, అందులో 25న బోస్టన్‌లో ఒకే రోజు రెండు, రెండూ ఓడారు. 27న బోస్టన్‌లోనే 4–3తో ఓడారు, హోమ్ దగ్గర అంపైర్ ఇచ్చిన నిర్ణయం మీద గొడవపడి క్యాచర్ రాయ్ కాంపనెల్లా బయటికి పంపబడ్డాడు. 28న ఫిలడెల్ఫియాలో మళ్లీ 4–3 ఓటమితో లెక్క సమం. జెయింట్స్ తమ నాలుగూ గెలిచారు, నాలుగూ ఫిలడెల్ఫియా, బోస్టన్ మైదానాల్లో, టెలిస్కోప్ లేని చోట. 30న డాడ్జర్స్ ఓడితే అంతా ముగిసేది. 14 ఇన్నింగ్స్‌ల దాకా సాగిన ఆటలో 12వ ఇన్నింగ్స్‌లో డాడ్జర్స్ ఆటగాడు జాకీ రాబిన్సన్ నేలకి తగలబోతున్న బంతిని కిందపడుతూ పట్టుకున్నాడు, 14లో హోమ్ రన్ కొట్టి 9–8తో గెలిపించాడు.

ఇక్కడ ఒక మనిషి పని చూడండి. డాడ్జర్స్ పిచ్చర్ డాన్ న్యూకోంబ్ 29న ఆట మొత్తం వేసి ఒక్క పరుగూ ఇవ్వలేదు. మర్నాడు, 30న, మధ్యలో దిగి ఐదు ఇన్నింగ్స్‌కు పైగా వేశాడు. రెండు రోజులు ఆగి అక్టోబర్ 3న మళ్లీ మొదటి నుంచి దిగాడు. పిచ్చర్లకు మూడు నాలుగు రోజుల విరామం మామూలైన కాలంలో ఐదు రోజుల్లో మూడుసార్లు.

సమం అయితే మూడు ఆటల పోటీ నేషనల్ లీగ్ నియమం. టాస్ గెలిచిన డాడ్జర్స్ మొదటి ఆట తమ ఎబెట్స్ ఫీల్డ్‌లో కోరుకున్నారు. దాంతో రెండు, మూడు ఆటలు పోలో గ్రౌండ్స్‌కి వెళ్లాయి. అక్టోబర్ 1న జెయింట్స్ 3–1తో గెలిచారు. రాల్ఫ్ బ్రాంకా వేసిన బంతిని థామ్సన్ రెండు పరుగుల హోమ్ రన్ కొట్టాడు. 2న అదే టెలిస్కోప్ ఉన్న మైదానంలో క్లెమ్ లబైన్ జెయింట్స్‌కి ఒక్క పరుగూ ఇవ్వకుండా డాడ్జర్స్‌ని 10–0తో గెలిపించాడు. టెలిస్కోపే అంతా అనేవాళ్లు ఈ ఆట గురించి ఎందుకో మాట్లాడరు.

మూడో ఆట, తొమ్మిదో ఇన్నింగ్స్. డాడ్జర్స్ 4, జెయింట్స్ 1. డార్క్ హిట్‌తో ఫస్ట్ బేస్ చేరాడు. మూడు పరుగుల ఆధిక్యం ఉన్నప్పుడు అతని పరుగుకి ప్రాధాన్యం లేదు. అయినా ఫస్ట్ బేస్ ఆటగాడు గిల్ హాడ్జెస్ అతన్ని కదలనివ్వకుండా బేస్‌కి అతుక్కుని నిలబడ్డాడు, పక్కన సందు ఏర్పడింది. మ్యూలర్ సరిగ్గా ఆ సందులోంచే కొట్టాడు. ఇర్విన్ గాల్లోకి లేపి అవుటయ్యాడు. లాక్‌మన్ డబుల్ (రెండు బేస్‌ల దెబ్బ) కొట్టాడు, డార్క్ పరుగు చేశాడు, 4–2. థర్డ్ బేస్‌లోకి జారుతూ మ్యూలర్ చీలమండ దెబ్బతింది, అతన్ని మోసుకెళ్లారు. అలసిపోయిన న్యూకోంబ్ బదులు మేనేజర్ చార్లీ డ్రెస్సెన్ బ్రాంకాని పిలిచాడు, రెండు రోజుల క్రితం థామ్సన్ చేతిలో దెబ్బతిన్న బ్రాంకానే. ఫస్ట్ బేస్ ఖాళీ. కావాలని దూరంగా బంతులు వేసి థామ్సన్‌ని ఊరికే ఫస్ట్ బేస్‌కి నడిపించేసి, తర్వాత వచ్చే మేస్‌కి వేయొచ్చు. కానీ అలా చేస్తే గెలుపు పరుగుని తామే బేస్ మీద పెట్టినట్టవుతుంది. పాతకాలపు మేనేజర్లు దానికి ఒప్పుకోరు. మొదటి బంతి స్ట్రయిక్. రెండోది పైకి, లోపలికి వేసిన ఫాస్ట్‌బాల్. థామ్సన్ దాన్ని 315 అడుగుల గుర్తు దగ్గర, అంటే 96 మీటర్ల దూరంలో, ఎడమ వైపు కింది అంతస్తులోకి పంపాడు. 5–4. ఆ బంతికి తను సైగ తీసుకోలేదని అతను చివరిదాకా చెప్పాడు.

మర్నాడే అమెరికన్ లీగ్ విజేత యాంకీస్‌తో ప్రపంచ సిరీస్. మ్యూలర్ లేడు కాబట్టి ఇర్విన్, మేస్, హ్యాంక్ థాంప్సన్ బౌండరీ వైపు మూడు చోట్లా నిలబడ్డారు. ప్రపంచ సిరీస్‌లో ముగ్గురూ నల్లజాతివాళ్లే కావడం అదే మొదటిసారి. అప్పటికి సగానికి పైగా జట్లు ఒక్క నల్లజాతి ఆటగాడినైనా తీసుకోలేదు. ఇర్విన్ నాలుగు హిట్లు కొట్టి, హోమ్ బేస్‌ని కూడా ‘దొంగిలించాడు’, అంటే ఎవరూ బంతి కొట్టకుండానే థర్డ్ బేస్ నుంచి పరుగెత్తి హోమ్ చేరాడు. జెయింట్స్ 5–1తో గెలిచారు. ఆ తర్వాత సిరీస్ యాంకీస్‌కి 4–2తో పోయింది. 37–7 కోసం అరిగిపోయిన చేతులకి విశ్రాంతి దొరకలేదు. జాన్సెన్ రెండో ఆట, ఐదో ఆట మొదలుపెట్టాడు, మాగ్లీ నాలుగోది. సీజన్‌లో ఇద్దరూ కలిసి 46 గెలిచినవాళ్లు, ఆ మూడింటిలో ఒక్కటీ గెలవలేదు.